తల్లి ఎత్తుకోవలసిన పాట

మల్లికార్జునరావుకు నిశ్శబ్దం పడదు, కొందరికి వంకాయ పడనట్టు. ఇంట్లో ఏ మూలనైనా కాస్త నిశ్శబ్దం తగిలిందంటే ఒళ్ళు దురద పుట్టి స్పీకర్ పెట్టేస్తాడు. గిన్నెలు సర్దేటప్పుడు వార్తలు, లాన్ కోసేటప్పుడు ఎవరివో ప్రవచనాలు, పడుకునేటప్పుడు వాన చప్పుడు. ఇన్నేళ్ళ కాపురంలో తన వంటింట్లో ఫ్రిజ్ ఏ శ్రుతిలో మూలుగుతుందో కూడా జ్ఞానప్రసూనకు తెలియదు. వాళ్ళుండే చికాగో శివారు నేపర్‌విల్‌లో హోమ్ ఓనర్స్ అసోసియేషన్ వాళ్ళు గడ్డి ఎత్తు మీద ఫిర్యాదులు తీసుకుంటారు గాని, మొగుళ్ళ మీద తీసుకోరు.

కొడుకు అవినాష్ ఉక్రెయిన్ అమ్మాయిని చేసుకుంటానన్నప్పుడు తల్లి ఆ పిల్ల గురించి అడిగింది. తండ్రి వాళ్ళ పాటల గురించి అడిగాడు. వారం తిరక్కుండా ఉక్రెయిన్ పాటలన్నీ ఫోన్‌లో ఒక వరసలో పేర్చుకున్నాడు. కాబోయే వియ్యపురాలు హలీనా మొదటిసారి భోజనానికి వచ్చిన రోజున, పప్పు వడ్డిస్తుండగా ఆ వరస మోగించాడు. ఏప్రిల్ నెల. మొదటి పాటకు హలీనా చెంచా కింద పెట్టింది. రెండో పాటకు కుర్చీలోంచి లేచి నిలబడింది.

మొదటిది క్రిస్మస్ రోజుల్లో ఇంటింటికీ తిరుగుతూ పాడేదని, రెండోది యుద్ధంలో పోయినవాళ్ళ పెట్టె వీధిలోంచి వెళుతుంటే జనం మోకాళ్ళ మీద కూర్చుని పాడేదని, ఆమె కూతురు బొహ్దానా తరవాత మెల్లగా చెప్పింది. వాళ్ళలో ప్రతి పాటకూ ఒక రోజు ఉంటుందట. వసంతం పాట వసంతంలోనే, కోతల పాట కోతల్లోనే. హలీనా భర్తను అంతకు ముందు శరదృతువులో అలాంటి పెట్టెలోనే తెచ్చారు.

"ట్యూన్ మాత్రం చాలా బాగుంది కదా" అన్నాడు మల్లికార్జునరావు.

"చాలా బాగుంటుంది అంకుల్" అంది బొహ్దానా. ఆ పిల్ల మంచితనం మీద జ్ఞానప్రసూనకు ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది.

*

పెళ్ళి జూన్‌లో, శనివారం. మన పద్ధతిలో గుడి హాల్లో. వాళ్ళ పద్ధతిలో కావలసింది ఒక్కటే: కొరొవాయ్ అనే పెళ్ళి రొట్టె. బండి చక్రమంత ఉంటుంది. దాని మీద పిండితో చేసిన పిట్టలు, ఆకులు, జడలు. దాన్ని బేకరీలో కొనకూడదు. ఆడవాళ్ళు ఒక ఇంట్లో చేరి, పాడుతూ కలపాలి. హలీనా ఉండేది చికాగోలో, ఉక్రెయిన్ వాళ్ళ పేటలో, ఒక్క గది అద్దెకొంపలో. అక్కడి ఓవెన్‌లో పిజ్జా కూడా ఒద్దికగా కూర్చోవాలి. జ్ఞానప్రసూన వంటింట్లో రెండు ఓవెన్లున్నాయి. కాబట్టి శుక్రవారం పొద్దున్న అందరూ ఇక్కడికే రావాలని అనుకున్నారు. వాళ్ళ చర్చిలో పెద్దావిడ స్తెఫానియా నలుగురిని తీసుకొస్తానంది. మొత్తం ఏడుగురుండాలి గనక జ్ఞానప్రసూన, ఆమె స్నేహితురాలు వేద కూడా చెయ్యి వెయ్యాలి.

బుధవారం బొహ్దానా ఆసుపత్రి డ్యూటీ ముగించుకుని, ఆ యూనిఫారంతోనే రైలెక్కి వచ్చింది. జ్ఞానప్రసూన ఉల్లిపాయలు తరుగుతోంది. ఆమె ఆడపడుచు రేణు, మల్లికార్జునరావుకు అక్క, పెళ్ళికని మిషిగన్‌లోని నోవై నుంచి ముందుగానే వచ్చి, బల్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"అమ్మ శుక్రవారం కిచెన్‌లోకి రాదు అత్తయ్యా" అంది బొహ్దానా. 'అత్తయ్యా' ఒక్కటే తెలుగు, అవినాష్ నేర్పాడు. తక్కినదంతా ఇంగ్లిష్. "విడో పిండి దగ్గర ఉండకూడదట. స్తెఫానియా ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. అమ్మ సరేనంది."

"సరేనందా?"

"అమ్మ అన్నిటికీ సరేనంటుంది."

జ్ఞానప్రసూన కత్తి కింద పెట్టింది. "సరే, పిండి ముట్టుకోవద్దు. పాడొచ్చు కదా?"

"దగ్గరే ఉండకూడదట." బొహ్దానా బల్ల మీద పడ్డ ఒక వెల్లుల్లి పొట్టును గోటితో నాలుగు ముక్కలు చేసింది. "మీకు తెలుసా, మా ఊళ్ళో ఈ పాటల్ని పెళ్ళికూతురి తల్లే ఎత్తుకోవాలి. తక్కినవాళ్ళు జవాబు పాడతారు, అంతే. పెళ్ళి లేనప్పుడు ఊరికే పాడకూడదు, అశుభం. అందుకే ఎవరూ రికార్డ్ చెయ్యలేదు. మా అమ్మమ్మ పోయింది. మా పిన్ని పోలండ్‌లో మాట్లాడటమే మానేసింది. ఊరు లేదు. నేను రైల్లో వినే పాటలున్నాయి, మా ఏజ్ వాళ్ళు చేసినవి. ర్యాప్ మధ్యలో ఎక్కడో ఒక ముసలావిడ గొంతు పెడతారు, ఒక లైన్. అది వినగానే అందరం ఏడుస్తాం. నాకు ఒక లైన్ వద్దు అత్తయ్యా. నాకు మొత్తం కావాలి. అమ్మకి నేనొక్కదాన్నే. శుక్రవారం పాడకపోతే ఇంక పాడటానికి ఆవిడకి ఇంకో పెళ్ళి లేదు."

ఎవరూ మాట్లాడలేదు. మల్లికార్జునరావు ఇంట్లో లేడు గనక స్పీకర్ కూడా మాట్లాడలేదు.

"వాళ్ళలోనూ ఉందన్నమాట" అంది రేణు తెలుగులో, తల ఎత్తకుండా. "మంచిదేలే. పెద్దవాళ్ళు ఊరికే పెట్టరు."

"వదినా."

"నేనేమన్నాను? మన అవినాష్ కూడా బాగుండాలి కదా." ఒలిచిన రెబ్బల్ని ఒక్కొక్కటిగా గిన్నెలో వేసింది. వాటిలో కొన్నింటికి పొట్టు ఇంకా అంటుకునే ఉంది. రేణు ఒలిచిన వెల్లుల్లిలో అలా ఉండటం జ్ఞానప్రసూన ఎప్పుడూ చూడలేదు.

*

గురువారం మధ్యాహ్నం జ్ఞానప్రసూన చికాగోకు డ్రైవ్ చేసింది. హలీనాకు పెట్టవలసిన చీర, కుట్టించిన జాకెట్టు వెనక సీటులో ఉన్నాయి. పార్కింగ్ దొరకడానికి పట్టిన సమయంలో అన్నం వండి వార్చవచ్చు. మూడో అంతస్తు ఎక్కేసరికి లోపల్నుంచి గొంతు వినిపించింది.

అది మెత్తటి గొంతు కాదు. పొలానికి ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్నవాళ్ళను పిలిచే గొంతు. ఒక వాక్యం పైకి లేచి, చివర్లో తెగ్గొట్టినట్టు ఆగింది. తరవాత ఏమీ లేదు. తలుపు కొట్టబోయిన జ్ఞానప్రసూన చెయ్యి అలాగే ఉండిపోయింది. బాగా సేపయ్యాక మళ్ళీ ఒక వాక్యం. మళ్ళీ ఏమీ లేదు. పాట మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటోందేమో అనుకుంది.

తలుపు తీసిన హలీనా నుదురంతా చెమట. గదిలో బట్టల అలమర తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల చలికాలపు కోట్లు వేలాడుతున్నాయి. వాటి మధ్య, ఒక ముక్కాలి పీట మీద ఫోన్ ఉంది. చప్పుడు బయటికి పోకుండా కోట్లలో ముఖం పెట్టి పాడుతోందన్నమాట. కింది అంతస్తువాళ్ళు రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటారని సైగ చేసి చెప్పింది.

"బొహ్దానా కోసం" అంది ఫోన్ చూపించి. హలీనా ఇంగ్లిష్ వృద్ధాశ్రమంలో పక్కలు మార్చేటప్పుడు నేర్చుకున్నది. లేవండి, మెల్లగా, నొప్పా, అయిపోయింది, అంతవరకూ బాగా వస్తుంది. "నేను రాను. గొంతు వస్తుంది."

"మధ్యలో ఎందుకు ఆపుతున్నారు?"

హలీనాకు ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె చేత్తో గదిలో ఖాళీగా ఉన్న వైపు చూపించింది. "ఇక్కడ ఆడవాళ్ళు" అంది. ఒక వాక్యం సన్నగా అనుకుని, తల పక్కకి తిప్పి, లేనివాళ్ళ ముఖాల్లోకి చూస్తూ నిలబడింది. పెదవులు బిగించి ఉన్నాయి. వాళ్ళు పాడడం అయిపోయాకే తల ఇటు తిప్పింది. "మళ్ళీ నేను. మళ్ళీ ఆడవాళ్ళు."

"జవాబు కూడా మీరే పాడెయ్యొచ్చు కదా, రికార్డింగే కదా."

హలీనా తల అడ్డంగా ఊపింది. "తల్లి అడుగుతుంది. తల్లి చెప్పకూడదు."

జ్ఞానప్రసూన చీర తీసింది. ఆమెకు కట్టడానికి కుచ్చిళ్ళు పోస్తుంటే అప్పుడు చూసింది: మీగడ రంగు చీర, అంచు కూడా ఉన్నదీ లేనిదీ అన్నట్టు. వియ్యపురాలి చీర నేను సెలెక్ట్ చేస్తానని రేణు తీసుకున్న బాధ్యత అది. షాపులో ఎర్రంచుది బాగుందని జ్ఞానప్రసూన అంటే, "ఆవిడకి ఇదే నప్పుతుంది" అంది. అప్పుడు రంగు గురించి అనుకుంది జ్ఞానప్రసూన.

హలీనా అద్దంలో చూసుకుని, "తెలుపు" అంది. మరేమీ అనలేదు. కాసేపటికి తనంతట తానే, పక్కలు మార్చే ఆ ఇంగ్లిష్‌లోనే, ముక్కలు ముక్కలుగా చెప్పింది. "నాకు భయం. పిల్ల మంచిది. మీ అబ్బాయి మంచివాడు. నా దురదృష్టం పెద్దది. నేను దూరం ఉంటే మంచిది. కానీ పాట కూడా నాతోనే..." తరవాతి మాట దొరకలేదు. చేత్తో కిటికీ బయటికి, రోడ్డు మీదికి విసిరేసినట్టు చూపించింది.

జ్ఞానప్రసూన కుచ్చిళ్ళకు పిన్ను పెట్టి, నేల మీద మోకాళ్ళ మీదే ఉండిపోయింది. ఆమె చదివిన ఎమ్మే సోషియాలజీలో ఇలాంటివాటి మీద ఒక పేపరే ఉండేది. అందులో ఫస్ట్ క్లాస్ వచ్చింది. ఇప్పుడు పనికొచ్చే మాట ఒక్కటీ రాలేదు.

*

సాయంత్రం బొహ్దానా పంపిన రికార్డింగును మల్లికార్జునరావు లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని శ్రద్ధగా కూర్చున్నాడు. పని చేస్తున్నవాడిని ఆపకూడదని జ్ఞానప్రసూన అటు వెళ్ళలేదు. ఇంత బుద్ధిగా ఉన్నాడంటే ఏదో చెడగొడుతున్నాడని ఆమెకు తట్టి ఉండవలసింది.

శుక్రవారం పొద్దున్నే స్తెఫానియా కారు వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, తలకు పువ్వుల రుమాలు, చేతులు మాత్రం కుస్తీవాడివి. చిన్నపిల్లగా ఉన్నప్పుడే చికాగో వచ్చింది గనక ఇంగ్లిష్ గడగడా మాట్లాడుతుంది. ఆమె వెనక నలుగురు ఆడవాళ్ళు. అందరి తరవాత హలీనా దిగింది. ఇంట్లోకి రాకుండా, పక్కనున్న గడ్డి మీదుగా తిరిగి పెరట్లో చెక్క అరుగులాంటి డెక్ మీదికి వెళ్ళి కూర్చుంది. ఒళ్ళో ఒక తెల్లటి తువ్వాలు, ఎర్రదారం, సూది. రొట్టె కింద పరిచే ఆ తువ్వాలుకు అంచు కుట్టడం ఇంకా మిగిలి ఉందట. వంటింటికీ ఆమెకూ మధ్య దోమతెర తలుపు ఒక్కటే.

రేణు పైన గదిలో ఉంది. "రిటర్న్ గిఫ్ట్ సంచులు సర్దాలి, మీరు కానివ్వండి" అని కాఫీ కూడా పైకే పట్టుకెళ్ళింది.

పెద్ద గంగాళంలో పిండి పోశారు. గోరువెచ్చటి పాలు, పొంగిన ఈస్ట్, కరిగిన వెన్న, పసుపుపచ్చటి గుడ్ల సొన. స్తెఫానియా మణికట్ల దాకా ముంచి మొదటి పట్టు పట్టింది. తక్కినవాళ్ళు చుట్టూ చేరారు. చపాతీ పిండికి అలవాటుపడ్డ జ్ఞానప్రసూన చేతులకు ఇది బతికున్న వస్తువులా తగిలింది, అంటుకుని వదలదు. వేద ఉంగరం తీసి పంటితో పట్టుకుంది. పిండి ముట్టకూడని పెళ్ళికూతురు ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడింది. జవాబు పాటల మాటలు తల్లిని అడిగి రాసుకుని, వారం కిందటే అందరి ఫోన్లకూ పంపింది. చర్చి ఆడవాళ్ళు కార్లో ప్రాక్టీస్ చేసుకుంటూ వచ్చారట.

"రెడీ అంకుల్."

మల్లికార్జునరావు స్పీకర్ నొక్కాడు.

హలీనా గొంతు వంటిల్లు నింపేసింది. కోట్ల మధ్య నలిగిన గొంతులా లేదు. అతను ఏదో చేసి శుభ్రం చేశాడు. మొదటి వాక్యం అయింది. ఆడవాళ్ళు ఊపిరి తీసుకుని నోరు తెరిచారు. అంతలోనే రెండో వాక్యం వచ్చేసింది. వాళ్ళు తడబడి ఆగారు. మూడోది. నాలుగోది. ఆగకుండా, ఊపిరి తీయకుండా, ఆ గొంతు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతోంది. గంగాళం చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి.

"ఆపండి" అంది స్తెఫానియా. "దీన్ని కోసింది ఎవరు?"

"గ్యాప్స్ తీసేశాను" అన్నాడు మల్లికార్జునరావు. అతని ముఖంలో ఇంకా కొంచెం సంతోషం మిగిలే ఉంది. "ప్రతి లైన్‌కీ మధ్య బోలెడంత డెడ్ ఎయిర్ ఉంది. ఇప్పుడు నీట్‌గా..."

"ఆ డెడ్ ఎయిర్ మేము" అంది స్తెఫానియా.

బొహ్దానా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ చేతుల వెనక నుంచే చెప్పింది. "అమ్మ అడుగుతోంది. ఆ ఇంట్లో పొయ్యి వెచ్చగా ఉంటుందా అని. వాకిలి ఎత్తుగా ఉంటుందా, మా పిల్ల తల వంచుకుని దూరాలా అని. మీరు చెప్పాలి, వెచ్చగానే ఉంటుంది, తల వంచక్కర్లేదు అని. ఒక్కో ప్రశ్నకీ చెప్పాలి." కాసేపు ఆగింది. "ఇందులో ఎవరూ చెప్పట్లేదు. అడుగుతూనే ఉంది."

మల్లికార్జునరావు ఫోన్ అందుకున్నాడు. ఒరిజినల్ ఉంది, పెడతాను, పెడుతున్నాను అంటూ వెతికి పెట్టాడు. ఈసారి ఖాళీలు ఉన్నాయి. ఆడవాళ్ళు అందుకున్నారు గాని, కొత్త మాటలు, కొత్త వరస. ఒకరు ముందు, ఒకరు వెనక. వాళ్ళు సగంలో ఉండగానే మళ్ళీ తల్లి గొంతు వచ్చి వాళ్ళ మీద పడింది. ఎదురుగా ఉన్న తల్లయితే చూసి ఆగేది. రికార్డింగ్ ఎవరినీ చూడదు. రెండుసార్లు ప్రయత్నించాక స్తెఫానియా పిండి చేత్తోనే స్పీకర్ నోరు నొక్కింది.

ఫ్రిజ్ చప్పుడు వినిపించింది. సన్నగా, ఎడతెగకుండా. జ్ఞానప్రసూన దోమతెర వైపు చూసింది. హలీనా కుర్చీలో లేదు. గడ్డి మధ్యలో, ఇంటికి వీపు పెట్టి నిలబడి, రెండు చెవులూ మూసుకుని ఉంది. తువ్వాలు డెక్ మీద పడి ఉంది.

"మీ రూల్ కొంచెం సడలించకూడదా?" అంది జ్ఞానప్రసూన స్తెఫానియాతో. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఆవిడ పిండి ముట్టుకోదు. గుమ్మంలో నిలబడి పాడుతుంది."

స్తెఫానియా ఆమెను వింతగా చూసింది. "నా రూలా? మా ఊళ్ళల్లో ఒకప్పుడు ఉండేది, నిజమే. యుద్ధం మొదలయ్యాక అలా చూస్తే రొట్టె కలపడానికి ఎవరు మిగులుతారు? ఇదుగో, ఈమె మొగుడు పోయి ఏడాది." పక్కనున్న ఆమె తల వంచుకుని పిండి చూసుకుంది. "మీవాళ్ళే అన్నారు. మీ ఆడపడుచు ఫోన్ చేసింది. వరుడి ఇంట్లో ఇది మహా దోషం, తల్లిని దూరంగా ఉంచండి, మా పేరు చెప్పకండి, నొచ్చుకుంటుంది అని. మీ ఇల్లు, మీ పద్ధతి. నేను గౌరవించాను."

మల్లికార్జునరావు భార్య వైపు చూశాడు. "అక్కా?" అన్నాడు, ఎవరినో అడుగుతున్నట్టు.

జ్ఞానప్రసూన చేతులకున్న పిండి గంగాళం అంచుకు గీకి, మెట్లెక్కింది.

*

మంచం నిండా సంచులు. ఒక్కోదాంట్లో వెండి కుందె, జీడిపప్పు డబ్బా, జాకెట్టు ముక్క. రేణు అన్నీ సర్దేసింది. పసుపు కుంకుమ పొట్లాలు మాత్రం దిండు పక్కన పళ్ళెంలో, ముట్టుకోకుండా, కుప్పగా ఉన్నాయి. అవి వేరే ఎవరైనా వెయ్యాలి.

"స్తెఫానియాకి మీరు ఫోన్ చేశారా వదినా?"

రేణు ఒక సంచి తాడు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది. "చేశాను."

"ఎందుకు?"

"ఎందుకంటావేమిటే ప్రసూనా. నీ కొడుకు కోసం."

"నా కొడుక్కేం కాదు."

"నీకేం తెలుసు?" రేణు గొంతు పెరగలేదు. ఇంకా తగ్గింది. "నా పిల్ల భవిత పెళ్ళప్పుడు నేను కారిడార్‌లో ఉన్నాను, గుర్తుందా? బ్యాంక్వెట్ హాల్ వెనక, కేటరింగ్ ట్రేలు పెట్టేచోట. నువ్వూ తమ్ముడూ పీటల మీద కూర్చుని దాన్ని ధారపోశారు. మేళం జోరందుకుంది. తాళి కడుతున్నారని తెలిసింది. ఉండలేకపోయాను. తలుపు సందులోంచి తొంగి చూశాను. ఒక్కసారి. దాని మెళ్ళో పడటం చూశాను." సంచిని పక్కకు జరిపింది. "ఏమయింది? రెండో ఏడు తిరక్కుండా తిరిగొచ్చింది. ఇప్పుడు నాతో ఉంటూ, గది తలుపు వేసుకుని అన్నం తింటుంది. తొంగి చూసిన సంగతి ఎవరికీ చెప్పలేదు నేను. ఆ ఒక్క చూపుకే అంత జరిగితే, ఆవిడ వచ్చి నడిమధ్యలో నిలబడి పాడితే? అవినాష్‌కి జరగకూడదనే చేశాను. నా మీద ఒట్టు."

కింద ఎవరో కుళాయి తిప్పారు. ఆగింది.

జ్ఞానప్రసూన మంచం అంచున సంచుల మధ్య చోటు చేసుకుని కూర్చుంది. నోట్లోంచి వచ్చేదాకా ఏం మాట్లాడబోతోందో ఆమెకే తెలియదు. "మీరు సందులోంచి చూశారు. ధారపోసింది నేను. నీళ్ళు నా చేతి మీదుగానే పడ్డాయి. ముత్తైదువ చెయ్యే కదా వదినా? దానికేం బలం లేకపోయింది మరి."

రేణు ఆమె చేతుల వైపు చూసింది. వేళ్ళ సందుల్లో పిండి ఎండి తెల్లగా పగులుతోంది.

"మీరు ఇన్నాళ్ళూ..." అని మొదలుపెట్టి జ్ఞానప్రసూన ఆగిపోయింది. ఆరోజు పీటల మీద తను కూర్చోవాలని అందరూ అన్నప్పుడు తనూ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. పట్టుచీర నలగకుండా ఎలా కూర్చోవాలా అని ఆలోచించింది. "కిందికి రండి" అంది.

"నేను రాను. నువ్వు వెళ్ళు."

*

జ్ఞానప్రసూన దిగివచ్చి నేరుగా దోమతెర జరిపింది. "హలీనా గారూ, రండి. మా ఇంట్లో అలాంటి రూల్ లేదు. నేను వరుడి తల్లిని, నేను చెబుతున్నాను."

హలీనా గడ్డి మీంచి డెక్ దాకా వచ్చింది. గడప అవతల ఆగింది. కూతురు వాళ్ళ భాషలో గబగబా అంతా చెప్పింది. విని, హలీనా తల అడ్డంగా ఊపి, ఏదో నెమ్మదిగా అంది.

"ఏమంటోంది?"

"మీరు మంచివాళ్ళు, అందుకే అంటున్నారు అంటోంది." బొహ్దానా కళ్ళు వాచి ఉన్నాయి. "ఫోన్ చేసినావిడకి కూడా భర్త లేడు కదా, ఆవిడకి తెలిసే అని ఉంటుంది అంటోంది. ఆవిడ చెబితే తప్ప రాదట. నాకేమైనా అయితే తట్టుకోలేదట. అత్తయ్యా, నాకేం కాదని చెప్పండి ఆవిడకి. నేను చెబితే వినదు. నాన్నప్పుడు కూడా ఏం కాదనే చెప్పాను."

స్తెఫానియా వేలితో పిండి నొక్కి చూసింది. నొక్కినచోట గుంట అలాగే ఉంది, ఆరిపోతోంది. ఇంకాసేపు ఆగితే పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి, అలా మొదలుపెట్టడం మంచిది కాదని వాళ్ళలో ఒకామె గొణిగింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

మెట్ల మీద చప్పుడయింది. రేణు దిగుతోంది, చెక్క రెయిలింగ్ పట్టుకుని, మోకాళ్ళ నొప్పి వల్ల ఒక్కో మెట్టుకూ రెండు కాళ్ళూ ఆన్చి. వంటింటి మొగలో ఆగింది. అక్కడినుంచి గంగాళం దాటకుండా దోమతెర దగ్గరికి వెళ్ళడానికి దారి లేదు. వేద పక్కకు జరిగింది. రేణు చీర కుచ్చిళ్ళు దగ్గరికి పట్టుకుని, పిండికి తగలకుండా, ఒంటిని సన్నం చేసుకుని దాటింది.

గడపకు ఇటు ఆమె, అటు హలీనా.

"రండి" అంది రేణు ఇంగ్లిష్‌లో.

హలీనా కదల్లేదు. "మీ అమ్మాయి పెళ్ళి?" అని అడిగింది. "మీరు దగ్గర ఉన్నారా?"

"లేను. దూరంగా ఉన్నాను."

"అయితే అమ్మాయి బాగుంది?"

రేణు వెనక్కి తిరిగి చూసింది. తమ్ముడు వింటున్నాడు. వేద వింటోంది. భవిత అమెజాన్ ఉద్యోగం వల్ల సియాటిల్‌లో ఉంటోందనీ, అల్లుడికి లీవ్ దొరకలేదనీ వేదకు చెప్పి ఇంకా రెండ్రోజులు కాలేదు.

"లేదు" అంది. "బాగాలేదు. మా ఇంట్లోనే ఉంది. ఒంటరిగా ఉంది."

వేద కిటికీ బయటికి చూసింది. హలీనా రేణు ముఖాన్ని చాలాసేపు చూసింది. వృద్ధాశ్రమంలో పక్క మార్చేముందు నొప్పి ఎక్కడుందో వెతికే చూపు అది. తరవాత చెప్పులు విప్పి, రేణు ముంజేయి పట్టుకుని, గడప దాటింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. గంగాళం దాకా ఆమెను కూడా లాక్కెళ్ళింది. పిండి ముట్టుకోలేదు. రెండడుగుల ఇవతల నిలబడి, గొంతు సర్దుకుని, ఎత్తుకుంది.

మొదటి వాక్యం సగంలో విరిగిపోయింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి అందింది. ఆ గొంతుకు పై అలమరలో గ్లాసులు సన్నగా మోగాయి. వాక్యం చివర తెగ్గొట్టి, హలీనా తల పక్కకి తిప్పింది, నిన్న ఖాళీ గదిలో తిప్పినట్టే. ఇప్పుడు అక్కడ ముఖాలున్నాయి. ఆడవాళ్ళు అందుకున్నారు, తడబడ్డారు. హలీనా చూస్తూ ఆగింది. వాళ్ళు తప్పు దిద్దుకుని చివరిదాకా వచ్చేవరకూ ఆగి, అప్పుడు రెండోది అడిగింది. స్తెఫానియా పిడికిళ్ళు పిండిలో దిగాయి. బొహ్దానా ఫ్రిజ్‌కు ఆనుకునే, ఏడుస్తూనే, తనకోసం పాడుతున్న జవాబును తను కూడా పెదవులతో అంటోంది. మాటలు తెలియని జ్ఞానప్రసూన పిండి కలుపుతూ, వాళ్ళు ఊపిరి తీసుకున్నప్పుడల్లా తనూ తీసుకుంది. మూడో ప్రశ్నకు పిండి చేతుల నుంచి విడవడం మొదలుపెట్టింది.

మల్లికార్జునరావు స్పీకర్ ప్లగ్గు పీకి, ఆ తీగ చేతికి చుట్టుకుంటూ, మూల నిలబడ్డాడు. పాట చివరిదాకా సాగి ముగిసింది. పిండి మీద తడిబట్ట కప్పారు. అది పొంగేదాకా ఇంక పని లేదు. హలీనా అక్కడే నేల మీద, ఓవెన్‌కు వీపు ఆన్చి కూలబడింది. బొహ్దానా వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది.

రేణు ఇంకా నిలబడే ఉంది. హలీనా పట్టుకున్నచోట ముంజేతి మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా కనబడుతున్నాయి.

"అక్కా, కూర్చో" అన్నాడు మల్లికార్జునరావు, కుర్చీ జరుపుతూ. "ఆరోజు... ఆరోజు మేమే నిన్ను..."

"మీరెవరూ అనలేదురా." రేణు కూర్చోలేదు. అందరికీ వినబడేలా, తెలుగులోనే చెప్పింది. "మీరెవరైనా అనేలోపే లేచి నేనే కారిడార్‌లోకి పోయాను. ఇన్నాళ్ళూ తొంగి చూడటమే తప్పనుకున్నాను. నా పిల్ల అటూ ఇటూ చూసిందిరా, తాళి కట్టేముందు, నాకోసం. నేను లేను. తప్పు చేశాను."